ఫ్లెక్సీ మీది పేటెంట్, కాగితం మీది పేటెంట్

హనుమకొండ చౌరస్తా నుంచి ఏ రోడ్డు పట్టుకుని పోయినా కాసేపట్లో ఏదో ఒక కాలేజీ గేటు తగులుతుంది, గేటు పక్కన ఫ్లెక్సీ ఉంటుంది, ఆ ఫ్లెక్సీ మీద ర్యాంకులూ ప్లేస్‌మెంట్ల పక్కన ఈ మధ్య ఇంకో మాట చేరింది: "మా అధ్యాపకులకు పేటెంట్". కింద ఐదారుగురి ఫొటోలు, మధ్యలో ఒక పరికరం బొమ్మ. పరికరం పేరులో 'ఏఐ ఆధారిత' అన్న ముక్క దాదాపు ఖాయం. రెండో రోజు పేపర్లో జిల్లా పేజీలో చిన్న వార్త కూడా వస్తుంది. అంతా బాగానే ఉంది గానీ, అది ఏ దేశపు పేటెంట్, నంబరెంత, ఇంతకీ దేని మీద ఇచ్చారు అన్న సంగతి ఫ్లెక్సీ మీదా ఉండదు, వార్తలోనూ ఉండదు.

పేటెంట్ అంటే కొత్తగా కనిపెట్టినదాన్ని ఇంకొకరు అనుమతి లేకుండా చేసి అమ్మకుండా కొన్నేళ్లు ఆపే హక్కు. అసలు చిక్కంతా 'పేటెంట్ వచ్చింది' అన్న మాటలోనే ఉంది. ఇప్పుడు ఆ మాట కనీసం నాలుగు వేర్వేరు విషయాలకు వాడుతున్నారు. దరఖాస్తు పెట్టినా పేటెంట్ వచ్చిందే అంటారు, ఆ దరఖాస్తు పేటెంట్ ఆఫీసు జర్నల్లో అచ్చయినా అదే మాట, పరీక్షకు నిలబడి నిజంగా మంజూరైనా అదే మాట, పేటెంటే కాని, వస్తువు రూపానికి మాత్రం ఇచ్చే డిజైన్ రిజిస్ట్రేషన్ చేతికొచ్చినా అదే మాట. భూముల వ్యవహారం తెలిసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. అర్జీ పెట్టిన రశీదు వేరు, ఊళ్లో నోటీసు అంటించడం వేరు, పట్టాదారు పాసుపుస్తకం చేతికి రావడం వేరు. రశీదు పట్టుకుపోయి క్రాప్ లోన్ అడిగితే బ్యాంకు మేనేజరు ఏమంటాడో ఊహించుకోవచ్చు. పేటెంట్ విషయంలో మాత్రం రశీదు చూపించినా శాలువా కప్పేస్తున్నారు.

నడిచే పద్ధతి ఇలా ఉంటుంది. తెలంగాణ నుంచి పెట్టే దరఖాస్తు చెన్నై పేటెంట్ ఆఫీసు కిందికి వస్తుంది, ఆన్‌లైన్లోనే పెట్టొచ్చు. పెట్టిన 18 నెలలకు అది జర్నల్లో ప్రచురితమవుతుంది. అంతదాకా ఆగలేనివాళ్లు ఇంకో ఫారం, ఇంకో ఫీజు కడితే నెల రోజుల్లో ప్రచురిస్తారు. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, ఈ ప్రచురణ నాటికి ఆ కాగితాన్ని ఏ ఎగ్జామినరూ పరీక్షించి సరే అని ఉండడు. రాసింది రాసినట్టు అచ్చు వేస్తారంతే. ఫ్లెక్సీల్లో చాలా భాగం ఈ మెట్టు మీదే కట్టేస్తారు. ఆ తర్వాత 'మా దరఖాస్తును పరీక్షించండి' అని విడిగా అడగాలి. దీనికి ఇంతకుముందు దరఖాస్తు పెట్టిన రోజు నుంచి 48 నెలల గడువు ఉండేది, 2024 మార్చిలో మారిన నిబంధనలతో అది 31 నెలలైంది. అడగకపోతే దరఖాస్తు దానంతటదే చచ్చిపోతుంది, ఎవరూ ఫోన్ చేసి గుర్తుచెయ్యరు. అడిగితే ఎగ్జామినర్ ప్రపంచంలో అంతకుముందు అచ్చయిన పేటెంట్లూ పుస్తకాలూ పేపర్లూ వెతికి అభ్యంతరాల చిట్టా పంపిస్తాడు, దానికి జవాబు చెప్పుకోవాలి, అవసరమైతే హియరింగ్ ఉంటుంది. అది దాటితేనే మంజూరు. అప్పుడు కూడా 20 ఏళ్ల హక్కు లెక్కపెట్టేది మంజూరైన రోజు నుంచి కాదు, దరఖాస్తు పెట్టిన రోజు నుంచి.

డబ్బు సంగతి ఎక్కువ సాగదీయక్కర్లేదు. వ్యక్తిగా ఆన్‌లైన్లో పెడితే దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలు, పరీక్ష ఫీజు 4,000. విద్యాసంస్థలకు కూడా 2021 నుంచి పెద్ద కంపెనీల ఫీజులో 80 శాతం తగ్గింపు ఉంది. నిజమైన ఖర్చు ఫీజు దగ్గర కాదు, రాయించడం దగ్గర.

దేశం మొత్తం లెక్క చూస్తే 2023-24లో 92,168 దరఖాస్తులు వచ్చాయి, 1,03,057 పేటెంట్లు మంజూరయ్యాయి. వచ్చినవాటికన్నా ఇచ్చినవి ఎక్కువేమిటి అనిపిస్తుంది గానీ లెక్క తప్పు కాదు, ఏళ్లుగా పేరుకుపోయిన ఫైళ్లను ఆ ఏడాది దులిపేశారు. అంతకుముందు ఏడాది మంజూరైనవి 34,134 మాత్రమే. ఒక్క ఏడాదిలో మూడింతలు. దేశం తెలివి ఒక్క ఏడాదిలో మూడింతలు పెరిగిందనుకుంటే అది మన అమాయకత్వం.

ఇక యూకే కథ. 'యునైటెడ్ కింగ్‌డమ్ పేటెంట్ సాధించిన ప్రొఫెసర్' అన్న వార్త కనబడితే, పదిలో చాలాసార్లు అది పేటెంట్ కాదు, అక్కడి డిజైన్ రిజిస్ట్రేషన్. డిజైన్ అంటే వస్తువు కంటికి కనబడే తీరు మాత్రమే: ఆకారం, గీతలు, అలంకారం. అది ఎలా పనిచేస్తుంది, అసలు పనిచేస్తుందా అన్నది డిజైన్‌కు సంబంధం లేని సంగతి. పైగా యూకే ఆఫీసు ఆ డిజైన్ కొత్తదా కాదా అని వెతికి చూడకుండానే రిజిస్టర్ చేస్తుంది, తర్వాత ఎవరైనా సవాలు చేస్తే అప్పుడు చూసుకుంటుంది. అందుకే రోజుల్లో సర్టిఫికెట్ వచ్చేస్తుంది. క్యాన్సర్ గుర్తించే పరికరం అని పేరు పెట్టి ఒక డబ్బాకు స్క్రీన్ అతికించిన బొమ్మ గీసి పంపినా సర్టిఫికెట్ వస్తుంది, ఎందుకంటే వాళ్లు ఇచ్చింది ఆ డబ్బా రూపానికి. ఈ సర్టిఫికెట్ల మీద పేరు వేయిస్తామని, ఒక్కో పేరుకు ఇంత అని వాట్సాప్‌లో రేట్లు పంపే దళారులు తయారయ్యారు. అక్రెడిటేషన్ పాయింట్ల కోసం, ప్రమోషన్ ఫైలు కోసం కొనుక్కునేవాళ్లనూ పూర్తిగా తప్పుపట్టలేం, పైనుంచి వచ్చే టార్గెట్లు అలాంటివి. కానీ దాన్ని ఆవిష్కరణ అనడం మాత్రం కుదరదు.

సరే, నిజంగా మంజూరైన పేటెంట్ దొరికిందనుకుందాం. అందులో ఏం చూడాలి? పేరు చూడకూడదు, బొమ్మ చూడకూడదు, మొదటి పేజీలో ఉండే సారాంశం కూడా పెద్దగా పనికిరాదు. చివర్లో ఉండే క్లెయిమ్‌లు, అంటే 'ఇంతవరకు మాది' అని నంబర్లు వేసి రాసిన వాక్యాలు చూడాలి, అందులోనూ ఒకటో నంబరు క్లెయిమ్. హక్కు ఉన్నది అక్కడ. మిగతా యాభై పేజీలు ఒక పొలం గురించిన వర్ణన అయితే, క్లెయిమ్ దాని హద్దురాళ్లు.

దీన్ని ఒక వెల్డింగ్ షాపులో పెట్టి చూద్దాం. వరంగల్ చుట్టుపక్కల పత్తి ఊళ్లలో పాత బైకు వెనక గుంటుకో గొర్రో కట్టి సాళ్ల మధ్య కలుపు తీసే బండ్లు చేసేవాళ్లు ఉన్నారు. అలాంటి మేస్త్రీ ఒకాయన పేటెంట్‌కు పోదామనుకున్నాడని అనుకోండి. ఆయన మనసులో ఉన్న క్లెయిమ్ 'బైకుకు గొర్రు బిగించిన యంత్రం'. అది మొదటి రోజే పోతుంది. గుజరాత్‌లోని అమ్రేలీ జిల్లాకు చెందిన మన్‌సుఖ్‌భాయ్ జగానీ బుల్లెట్ బండి వెనక చక్రం పీకేసి, అక్కడ రెండు చక్రాలూ పనిముట్లు బిగించే బారూ పెట్టి 'బుల్లెట్ సంతి' అని ఎప్పుడో చేశాడు, దానికి ఇక్కడా అమెరికాలోనూ పేటెంట్ తీసుకున్నాడు. మరి మన మేస్త్రీ కొత్తగా చేసిందేమిటి? కాస్త గుచ్చి గుచ్చి అడిగితే చెబుతాడు: "రాయి తగిలితే కొర్రు ఇరుగుతాంది, అందుకని స్ప్రింగు పెట్టిన." కొర్రు అంటే నేలలోకి దిగే ఇనుప పన్ను. అదీ అసలు సంగతి. ఆ ఒక్క మాట చుట్టూ క్లెయిమ్ కట్టాలి.

ఇప్పుడు అనుభవం లేనివాళ్లు ఇలా రాస్తారు: ఒకటిన్నర ఇంచుల పైపుతో చేసిన ఫ్రేము, దానికి మూడు కొర్రులు, ఒక్కో కొర్రుకు ఒక కాయిల్ స్ప్రింగు, సీటు కింద ఎత్తే లివరు. ఎంత వివరంగా రాస్తే అంత బలం అనుకుంటారు. జరిగేది తలకిందులు. క్లెయిమ్‌లో రాసిన ప్రతి ముక్కా ఎదుటివాడి బండిలో ఉంటేనే అతను మన హద్దులోకి వచ్చినట్టు. పక్క వీధిలో ఇంకో మేస్త్రీ పైపు బదులు యాంగ్లర్ వాడి, కాయిల్ స్ప్రింగు బదులు పాత జీపు కమాన్ పట్టీ ముక్క వేసి అదే పని చేయించుకుంటే, అతను హద్దు బయట ఉన్నానని గట్టిగానే వాదించగలడు. మాట పెరిగిన కొద్దీ పొలం చిన్నదవుతుంది. పోనీ వెడల్పుగా రాద్దామా, 'రాయి తగిలినప్పుడు వెనక్కి వంగి తిరిగి తన చోటికి వచ్చే కొర్రు' అని? అప్పుడు ఎగ్జామినర్ ట్రాక్టర్ వెనక కట్టే స్ప్రింగు కల్టివేటర్ బొమ్మ తీసి ముందు పెడతాడు. అది ప్రతి ఊళ్లో ఉంది. కాబట్టి ఆ రెంటి మధ్య, ట్రాక్టర్ కల్టివేటర్‌లో లేనిదీ పక్క మేస్త్రీ సులువుగా తప్పించుకోలేనిదీ అయిన సన్నటి పట్టీ ఏదో ఉండాలి. బైకుకు బరువు తక్కువ కాబట్టి స్ప్రింగు వంగినప్పుడు బండి ముందుచక్రం లేవకుండా ఆయన చేసిన ఏర్పాటు ఏదైనా ఉందా? ఉంటే అది రాయాలి. లేకపోతే పేటెంట్ లేదు, అంతమాత్రాన బండి చెడ్డదేమీ కాదు, అమ్ముకోవచ్చు.

పనికొచ్చే మార్పే అయినా పేటెంట్ రాకపోవచ్చన్న ఈ మాట మీద మన దేశంలో ఒక పెద్ద తీర్పే ఉంది. మీర్జాపూర్‌లో ఇత్తడి, జర్మన్ సిల్వర్ గిన్నెలు చేసే రెండు వ్యాపార సంస్థల గొడవ అది. గిన్నెను లేత్ మీద పట్టి ఉంచి తిప్పుతూ చెక్కే ఏర్పాటు మీద ఒక పక్షం 1950ల మొదట్లో పేటెంట్ తీసుకుంది, రెండో పక్షం అదే పద్ధతి వాడిందని కేసు వేసింది. అలా అలా పోయి 1978 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది: ఇది అప్పటికే దశాబ్దాలుగా తెలిసిన యంత్రానికి చేసిన చిన్న మార్పు, ఒక మామూలు పనివాడి చేతికి అందే 'వర్క్‌షాప్ ఇంప్రూవ్‌మెంట్', దీంట్లో ఆవిష్కరణ లేదు, పేటెంట్ చెల్లదు. గిన్నెల మీద మొదలైన ఆ కేసును నేటికీ మందుల కంపెనీల లాయర్లు కూడా ఉదహరిస్తారు. కొత్తదైతే చాలదు, ఆ పనిలో చేయి తిరిగినవాడికి తట్టనిదై ఉండాలి అన్నది దాని సారం. షాపులో పనిచేసేవాడి నైపుణ్యాన్ని కోర్టు తక్కువ చేయలేదు, నిజానికి ఎక్కువే లెక్కగట్టింది: ఇంత మార్పు మంచి మేస్త్రీ ఎవరైనా చేసేస్తాడు అంటోంది.

పేటెంట్ చట్టంలోని 3వ సెక్షన్ ఒకసారి చదివితే చాలా టెన్షన్ ముందే తగ్గుతుంది. తెలిసిన వస్తువులను పక్కపక్కన బిగించి, ఏది పని అది చేసుకుంటూ పోతే అది ఆవిష్కరణ కాదు. పేటెంట్ ఆఫీసు పాత మాన్యువల్‌లో దీనికి చెప్పిన ఉదాహరణలు భలే ఉంటాయి: ఫ్యాన్ బిగించిన గొడుగు, టార్చిలైటు పెట్టిన బకెట్. మందు కొట్టే తైవాన్ పంపుకు ఎల్‌ఈడీ లైటూ ఫోన్ చార్జరూ బ్లూటూత్ స్పీకరూ తగిలించినా అదే గూట్లో పడుతుంది. వ్యవసాయ పద్ధతికి పేటెంట్ లేదు, అంటే వరిని నాటు వేయకుండా నేరుగా విత్తే పద్ధతి మీద హక్కు అడగలేం, కానీ ఆ విత్తనాలు వదిలే డ్రమ్ సీడర్‌లో కొత్త ఏర్పాటు ఉంటే దాని మీద అడగొచ్చు. ప్రకృతి నియమాలకు విరుద్ధమైనవి కుదరవు. పెట్రోలు లేకుండా కరెంటు లేకుండా తనంతట తనే తిరిగే మోటార్ల వీడియోలు చూసి పరవశించేవాళ్లు ఇది గమనించాలి.

వైద్యంలో ఈ గీత ఇంకా సన్నగా ఉంటుంది. మనిషికి చేసే చికిత్స, ఆపరేషన్, రోగ నిర్ధారణ పద్ధతులకు మన చట్టం పేటెంట్ ఇవ్వదు. వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రిలో ఒక సర్జన్ కుట్లు వేసే కొత్త తీరు కనిపెడితే అది అందరిదీ, రేపు పొద్దున ఇంకో సర్జన్ దాన్ని చేస్తే ఎవరి అనుమతీ అక్కర్లేదు. అదే సర్జన్ ఆ కుట్లకోసం సూదిని పట్టే కొత్త పట్టకారు చేయిస్తే, ఆ పట్టకారుకు పేటెంట్ రావచ్చు. చేతిలోని నేర్పు ఇటు, చేతిలోని వస్తువు అటు.

గుండె స్టెంట్ కథ చూస్తే క్లెయిమ్‌ల బలం ఏమిటో తెలుస్తుంది. రక్తనాళాన్ని బెలూన్‌తో వెడల్పు చేశాక అది మళ్లీ మూసుకుపోకుండా లోపల ఆసరాగా ఏదైనా పెట్టాలని హూలియో పాల్మజ్ అనే డాక్టరు ఆలోచిస్తున్నప్పుడు, ఆయన గ్యారేజీలో ఒక లోహపు జాలీ ముక్క కంటబడింది, గోడకు ప్లాస్టరింగ్ పట్టడానికి కింద కొట్టే రకం. ముందు ముడుచుకుని ఉండి, లాగితే రంధ్రాలు తెరుచుకుని విచ్చుకునే జాలీ. దాన్నే నాళమంత సన్నటి గొట్టంగా ఊహించుకున్నాడు: సన్నటి చీలికలు కోసిన లోహపు గొట్టం, లోపల బెలూన్ ఉబ్బితే విచ్చుకుంటుంది, బెలూన్ తీసేసినా అలాగే ఉంటుంది. 1985లో దరఖాస్తు, 1988లో అమెరికా పేటెంట్. దాన్ని జాన్సన్ అండ్ జాన్సన్ అనే పెద్ద కంపెనీ కొనుక్కుంది, మిగతా కంపెనీలు తమ తమ స్టెంట్లతో వచ్చాయి, ఇక కోర్టులు. పాల్మజ్ పేటెంట్లలో ఒకదాంట్లో గొట్టం గోడ 'దాదాపు సమాన మందం' ఉండాలని రాసి ఉంది. ఆ 'దాదాపు' అంటే ఎంత? ఎదుటి కంపెనీ స్టెంట్ గోడ ఒకచోట కాస్త లావుగా ఉంటే అది లోపలా బయటా? ఈ ఒక్క మాట మీద పెద్ద పెద్ద లాయర్లు ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. స్టెంట్ల వ్యాజ్యాల్లో కొన్నింటిని ముగించుకోవడానికి 2010లో బోస్టన్ సైంటిఫిక్ అనే సంస్థ జాన్సన్ అండ్ జాన్సన్‌కు 170 కోట్ల డాలర్ల పైచిలుకు కట్టడానికి ఒప్పుకుంది. మేస్త్రీ స్ప్రింగుదీ ఇదీ ఒకే రకం తగాదా, సున్నాలే తేడా.

అదే స్టెంట్ మన దేశానికొచ్చేసరికి పేటెంట్ ఒక్కటే ధర తేల్చలేదు. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ధరల నియంత్రణ సంస్థ మందు పూత లేని స్టెంటుకు 7,260, పూత ఉన్నదానికి 29,600 రూపాయలు గరిష్ఠ ధర అని పెట్టింది. పేటెంట్ వేరు, ధర వేరు, అమ్మే అనుమతి ఇంకా వేరు. ఈ మూడో దాని గురించి ఫ్లెక్సీలు అసలే మాట్లాడవు. పేటెంట్ ఉన్నంత మాత్రాన బీపీ చూసే యంత్రాన్నో ఇన్సులిన్ పంపునో రోగి మీద వాడలేరు. దానికి 2017 వైద్య పరికరాల నిబంధనల కింద ప్రమాదాన్ని బట్టి ఏ, బీ, సీ, డీ తరగతులు, వాటికి వేర్వేరు లైసెన్సులు, పరీక్షలు ఉన్నాయి. పేటెంట్ ఆఫీసు చూసేది ఇది కొత్తదా అని, పేషెంటుకు మేలు చేస్తుందా అని కాదు. ఈ తేడా తెలియకనే 'పేటెంట్ పొందిన నొప్పుల బెల్టు' లాంటివి సంతల్లో అమ్ముడుపోతాయి.

ఇంత గొడవ ఎందుకు, గుట్టుగా దాచుకుని అమ్ముకోవచ్చు కదా అనేవాళ్లూ ఉన్నారు. దాచుకున్న కుటుంబం ఒకటి చరిత్రలో ఉంది. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో చేంబర్లెన్ అనే మంత్రసాని వైద్యుల కుటుంబం, కాన్పు కష్టమైనప్పుడు బిడ్డ తలను పట్టి బయటికి తెచ్చే ఫోర్సెప్స్ కనిపెట్టింది. వందేళ్లకు పైగా మూడు నాలుగు తరాలు దాన్ని బయటికి పొక్కనీయలేదు. పెట్టెలో మూసి తెచ్చేవారట, తల్లికి కూడా కనబడనిచ్చేవారు కాదట. వాళ్ల పాత ఇంట్లో నేల చెక్కల కింద దాచిన ఆ పనిముట్లు 1813లో దొరికాయి. ఆ వందేళ్లలో ఆ ఇంటి డాక్టరు అందుబాటులో లేక ఎంతమంది తల్లులూ బిడ్డలూ పోయి ఉంటారో లెక్క లేదు. పేటెంట్ అనే బేరం ఇలాంటి గుట్టుకు విరుగుడు: నువ్వు చేసిన పద్ధతి లోకానికి పూర్తిగా చెప్పు, ఇంకొకడు చదివి చేయగలిగేంత వివరంగా చెప్పు, బదులుగా 20 ఏళ్లు నీదే. మూడో దారి కూడా ఉంది, చెప్పేయడం, హక్కు అడగకపోవడం. జైపూర్ పాదం అలాంటిది. రామచంద్ర శర్మ అనే కళాకారుడూ డాక్టర్ పి.కె. సేఠీ కలిసి 1968లో రూపొందించిన ఆ కృత్రిమ పాదానికి పేటెంట్ తీసుకోలేదు, కింద కూర్చోవడానికీ చెప్పుల్లేకుండా నడవడానికీ పనికొచ్చే ఆ పాదాన్ని ఎవరైనా చేయొచ్చు.

మన దగ్గర మాత్రం నాలుగో దారి ఒకటి మొదలైంది, తెలియక పోగొట్టుకునే దారి. కుర్రాడు ఏదో మిషన్ చేస్తాడు, అదే సాయంత్రం యూట్యూబ్ చానల్ వాళ్లు వచ్చి దాన్ని విప్పి చూపిస్తారు, లక్షల వ్యూస్ వస్తాయి, ఆర్నెల్లకు ఎవరో చెబితే పేటెంట్‌కు పోతాడు. అప్పటికి దాని కొత్తదనం పోయింది, పోగొట్టింది అతని వీడియోనే. ప్రభుత్వం నోటిఫై చేసిన ఎగ్జిబిషన్లో పెట్టినా, పండితుల సభలో పేపరు చదివినా, తప్పనిసరై నలుగురిలో ట్రయల్ వేసినా ఏడాదిలోపు దరఖాస్తు పెట్టుకునే వెసులుబాటు చట్టంలో ఉంది. యూట్యూబ్ ఆ జాబితాలో లేదు. ముందు ప్రొవిజనల్ అనే కచ్చా దరఖాస్తు 1,600 రూపాయలతో పెట్టేస్తే తేదీ ఖాయమవుతుంది, పూర్తి వివరాలకు 12 నెలల టైం దొరుకుతుంది, ఆ తర్వాత ఎన్ని వీడియోలైనా చేసుకోవచ్చు. ఇంత చిన్న సంగతి చెప్పేవాళ్లు లేక పోయిన పేటెంట్లే ఎక్కువ.

చక్కగా కుదిరిన కథ రైలు దారిలోనే ఉంది. వరంగల్ నుంచి హైదరాబాద్ పోతుంటే ఆలేరు వస్తుంది, ఆ పక్కనే శారాజిపేట. తేలియా, పోచంపల్లి చీరలకు ముందు ఆసు పోయాలి, అంటే రంగులు అద్దే ముందు దారాన్ని వరుసగా అమర్చాలి. అర్ధచంద్రాకారంగా మేకులు దిగ్గొట్టిన చట్రం, ఒక వైపు ఒకే ఒక్క మేకు. దారం పట్టుకుని ఈ మేకు నుంచి ఆ వరుసలోకి, అక్కడి నుంచి మళ్లీ వెనక్కి, మీటరు దూరం చేయి ఊపుతూ ఒక చీరకు 9 వేల సార్లు. ఈ పని ఇళ్లలో ఆడవాళ్లదే, నాలుగైదు గంటలు పట్టేది, భుజం కీలు అరిగిపోయేది. చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే ఆ నొప్పి చూసి 1992లో మొదలుపెట్టి 1999 నాటికి యంత్రం పూర్తిచేశాడు, పేరు లక్ష్మీ ఆసు యంత్రం, చీరకు గంటన్నర. నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ తోడ్పాటుతో పేటెంట్ వచ్చింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇక్కడ పేటెంట్ దేని మీద అన్నది చూడండి. ఆసు పోయడం తరతరాల విద్య, దాని మీద ఎవరికీ హక్కు రాదు, రాకూడదు కూడా. చేయి చేసే ఆ కదలికను, మేకు మేకుకూ దారం తప్పకుండా, యంత్రం చేత చేయించే ఏర్పాటుకే హక్కు. ఏడేళ్లు పట్టింది ఆ ఏర్పాటు కుదరడానికే.

పేటెంట్లను హక్కులుగానే చూడటం వల్ల వాటి రెండో ముఖం కనబడకుండా పోతోంది. పేటెంట్ ఏ దేశంలో ఇస్తే ఆ దేశంలోనే చెల్లుతుంది. అమెరికాలోనో జపాన్‌లోనో మంజూరై, ఇక్కడ దరఖాస్తే పెట్టని వాటిని మన దగ్గర చేసి మన దగ్గర అమ్మితే తప్పు లేదు, ఆ దేశానికి పంపితేనే గొడవ. 20 ఏళ్లు దాటినవి, ఏటా కట్టాల్సిన రెన్యువల్ ఫీజు మానేసి మధ్యలో పోయినవి కూడా ఎవరి సొత్తూ కావు. బొమ్మలతో, కొలతలతో, ఎందుకలా చేశారో కారణాలతో సహా రాసిన కాగితాలవి, ఫోన్లోనే ఉచితంగా దొరుకుతాయి. పనిముట్లు చేసే షాపుకు ఇంతకు మించిన పుస్తకం లేదు, అయినా ఐటీఐల్లో దాన్ని తెరిచి చూపించేవాళ్లు అరుదు.

గడువు తీరిన పేటెంట్ ఎవరి సొత్తూ కాదనడానికి సాక్ష్యం జమ్మికుంటలో, ఎనుమాముల చుట్టుపక్కల పత్తి మిల్లుల్లో తిరుగుతూనే ఉంది. పత్తి గింజ తీసే యంత్రం అనగానే పుస్తకాల్లో ఎలీ విట్నీ పేరు వస్తుంది, 1794 అమెరికా పేటెంట్, తీగ పళ్లతో దూదిని లాగే రకం. ఆయన యంత్రం అమ్మకుండా, తానే పత్తి ఆడించి అందులో పెద్ద వాటా తీసుకుంటానన్నాడు. రైతులు మండిపడ్డారు, ఊరూరా కమ్మరులు నకళ్లు చేశారు, కోర్టులో ఆయన గట్టిగా గెలిచేసరికి 1807 వచ్చింది, గడువు దగ్గర పడింది, పొడిగించమంటే 1812లో అక్కడి కాంగ్రెస్ కాదంది. అయితే మన మిల్లుల్లో ఎక్కువగా ఉన్నది విట్నీది కాదు, డబుల్ రోలర్. దాని మూలం ఫోన్స్ మెకార్తీ 1840లో పేటెంట్ తీసుకున్న రోలర్ జిన్ను: గరుకు తోలు చుట్టిన రోలర్ దూదిని పట్టి లాగుతుంది, రోలర్‌ను ఆనుకుని కదలకుండా నిలబడ్డ బ్లేడు గింజను ఆపుతుంది, కిందా మీదా ఆడే ఇంకో బ్లేడు గింజను తట్టి రాలుస్తుంది. సీజన్లో మిల్లు లోపల నిలబడితే ఆ తట్టుడు చప్పుడే చెవులు నింపుతుంది. ఆ పేటెంట్ పోయి ఒకటిన్నర శతాబ్దం దాటింది, ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. దాని చుట్టూ పెరిగిన ఫీడర్లూ కంట్రోళ్లూ మాత్రం వేటికి హక్కు ఉందో వేటికి లేదో విడివిడిగా చూసుకోవాలి.

చూసుకోవడం కష్టమేం కాదు. స్ప్రే పంపు మీదో వీడర్ మీదో 'పేటెంటెడ్' అని స్టిక్కరు ఉంటే నంబరు అడగాలి. నంబరు ఇస్తే పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్లో కొట్టి, మంజూరైందా, రెన్యువల్ కట్టారా, ఒకటో క్లెయిమ్‌లో ఏముంది అన్న మూడూ చూడాలి. నంబరు లేదంటే ఇంకో సంగతి గుర్తుచేయాలి: లేని పేటెంట్ ఉందని, పెట్టని దరఖాస్తు పెట్టామని చెప్పి వస్తువు అమ్మితే 120వ సెక్షన్ కింద జరిమానా ఉంది, ఇంతకుముందు లక్ష దాకా ఉండేది, జన విశ్వాస్ చట్టం తర్వాత 10 లక్షల దాకా వేయొచ్చు, అయినా స్టిక్కరు పీకకపోతే రోజుకు వెయ్యి అదనం.